ఏ విద్యార్థి ఏ ఇన్‌స్టెన్స్‌కు: చిన్నుకు పిన్ని లేఖ

చిరంజీవి చిన్నుకు,

పిన్ని ఆశీస్సులు. నీ మెయిల్ రెండుసార్లు చదివాను. ప్రవేశ దరఖాస్తు నింపుతున్న విద్యార్థి మూడో పేజీకి వచ్చేసరికి మళ్లీ లాగిన్ పేజీ ఎదురవుతోందని రాశావు. దిగులు పడకు, నీ ఫారంలో తప్పేమీ లేదు. నీ అప్లికేషన్ ఒకేలాంటి ప్రతులుగా, అంటే ఇన్‌స్టెన్స్‌లుగా, వేర్వేరు సర్వర్ల మీద నడుస్తోంది. అతను నింపిన వివరాలు మొదటి ఇన్‌స్టెన్స్ మెమరీలో ఉన్నాయి. తరువాతి క్లిక్‌ను, వచ్చే రిక్వెస్టులను వాటి మధ్య పంచే ప్రాక్సీ రెండోదానికి పంపింది. అతనెవరో దానికి తెలియదు. అది వాడే రౌండ్ రాబిన్ పద్ధతి వరుసగా పంచుకుంటూ పోతుందే తప్ప ఎవరినీ గుర్తుపెట్టుకోదు.

ప్రాక్సీ మనిషిని దేన్నిబట్టి గుర్తుపట్టాలన్నది ముందు తేల్చుకో. మిగతాదంతా దాని వెంటే వస్తుంది.

ఐపీ చిరునామాను బట్టి అని నీకు చాలామంది చెబుతారు. ఎన్‌జిన్‌ఎక్స్ అనే ప్రాక్సీలో అయితే సర్వర్ల జాబితా ఉండే అప్‌స్ట్రీమ్ బ్లాకులో ఐపీ హ్యాష్ అన్న ఒక్క మాట చేరిస్తే సరిపోతుంది కాబట్టి ఆశ పుడుతుంది. ఆ దారి పట్టకు. ఐపీవీ4 చిరునామాలోని నాలుగు భాగాల్లో అది మొదటి మూడింటినే చూస్తుంది. ఒక కళాశాల ల్యాబులో కూర్చున్న పిల్లలంతా ఒకే ఇన్‌స్టెన్స్ మీద పడతారు. మొబైల్ నెట్‌వర్కుల్లోనూ ఎన్నో ఫోన్లు ఒకే బయటి చిరునామా వెనుక ఉంటాయి. ఇంట్లో వైఫై మీద మొదలుపెట్టి, బస్సెక్కి మొబైల్ డేటాకు మారిన పిల్లకు చిరునామాతో పాటు సెషన్, అంటే లాగిన్, నింపిన వివరాలు, కూడా పోవచ్చు.

నేను పనిచేసిన ఒకచోట ఇది ఇంకా దారుణంగా జరిగింది. టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్) కోసం ముందు ఒక ప్రాక్సీ ఉండేది, దాని వెనుక పంపిణీ చేసే ప్రాక్సీ. వెనుకదానికి కనిపించే చిరునామా ఎప్పుడూ ముందుదానిదే. మూడు సర్వర్లలో ఒకటి ఊపిరాడక కొట్టుకుంటుంటే మిగతా రెండూ ఖాళీగా ఉన్నాయి. కొత్తవి రెండు చేర్చినా బరువంతా ఏదో ఒకదాని మీదే పడింది. తెల్లవారుజామున లాగ్ తెరిచి, వరుస వరుసలో అదే చిరునామా చూశాకే కారణం అర్థమైంది.

అందుకే కుకీ వాడు, అంటే బ్రౌజర్ దాచుకుని ప్రతిసారీ తిరిగి పంపే చిన్న గుర్తు. నీ దగ్గర హెచ్‌ఏప్రాక్సీ ఉందన్నావు కనుక పని తేలిక. నీ సర్వర్లను రాసే బ్యాకెండ్ విభాగంలో ఒక కుకీ పేరు పెట్టి, దాని పక్కన ఇన్సర్ట్, ఇన్‌డైరెక్ట్, నోక్యాష్ అని రాయి. ప్రతి సర్వర్ వరుసలో దాని కుకీ విలువ ఇవ్వు. మొదటి రిక్వెస్ట్ ఎటైనా వెళుతుంది, జవాబుతో పాటు బ్రౌజర్‌కు ఆ సర్వర్ గుర్తు చేరుతుంది, అక్కడినుంచి అతను అదే ఇన్‌స్టెన్స్‌కు వస్తాడు. నోక్యాష్ మాటను మాత్రం ఎప్పుడూ వదలకు. అది లేకపోతే మధ్యలోని క్యాష్ ఒకరి కుకీ ఉన్న పేజీని దాచుకుని పదిమందికి పంచిపెట్టవచ్చు. విలువగా లోపలి ఐపీ చిరునామా పెట్టకు, బ్రౌజర్‌లో ఎవరైనా చూడగలరు. ఎస్1, ఎస్2 చాలు.

ఆ ఇన్‌స్టెన్స్ పడిపోతే? సర్వర్ వరుసలో చెక్ అన్న మాట ఉంటే, మామూలు అమరికలో 2 సెకన్లకోసారి పరీక్షించి, 3 సార్లు విఫలమయ్యాక దాన్ని పక్కన పెడుతుంది. ఆ కొద్ది సెకన్ల సందులో వచ్చినవాళ్లను వేరే సర్వర్‌కు మళ్లించే రీడిస్పాచ్ ఆప్షన్ పెట్టు. లేకపోతే కుకీ వాళ్లను చనిపోయిన సర్వర్ దగ్గరికే పదేపదే తీసుకెళుతుంది. వేరే సర్వర్‌కు మారినా మెమరీలోని సెషన్ రాదు, దరఖాస్తు మళ్లీ నింపాల్సిందే. ఆ పిల్లల శ్రమ పోకూడదంటే సెషన్లను రెడిస్ వంటి ఉమ్మడి చోటికి మార్చాలి. దరఖాస్తుల గడువు దాటగానే మొదట ఆ పని చెయ్యి.

అప్లికేషన్‌ను పరీక్షించేవాళ్లు కోరిన ఇన్‌స్టెన్స్‌కే వెళ్లాలన్నావు. యూజ్-సర్వర్ నియమం దానికోసమే ఉంది. రిక్వెస్ట్‌తో పాటు వచ్చే ఫలానా హెడర్‌లో ఎస్2 అని ఉంటే ఎస్2కే పంపమని రాయి. ఇది కుకీకంటే ముందు పనిచేస్తుంది. అయితే హెడర్ ఎవరైనా పంపగలరు. మీ ఆఫీసు నెట్‌వర్క్ నుంచి వచ్చినప్పుడే చెల్లేలా షరతు జోడించు.

కాన్ఫిగరేషన్ ఫైలు మార్చిన ప్రతిసారీ హెచ్‌ఏప్రాక్సీకి మైనస్ సీ (-c) ఇచ్చి సరిచూడు, ఆ తరువాతే రీలోడ్. కమాండ్ లైన్ నుంచి రిక్వెస్ట్ పంపే కర్ల్‌తో కుకీ లేకుండా నాలుగుసార్లు, కుకీతో నాలుగుసార్లు అడిగి చూడు. మొదట సర్వర్లు మారాలి, తరువాత మారకూడదు.

ఇక కొత్త వెర్షన్ ఎక్కించే రోజు. ఇన్‌స్టెన్స్‌ను ఉన్నపళంగా ఆపకు. హెచ్‌ఏప్రాక్సీ నడుస్తుండగానే ఆదేశాలు ఇవ్వడానికి ఉన్న రన్‌టైమ్ సాకెట్ ద్వారా దాని స్థితిని డ్రెయిన్‌కు మార్చు. కొత్తవాళ్లు అటు వెళ్లరు, కుకీ ఉన్నవాళ్లు మాత్రం వస్తూనే ఉంటారు. స్టాట్స్ పేజీలో ప్రస్తుత సెషన్లు సున్నా అని కనిపించగానే అందరూ వెళ్లిపోయారనుకోకు. ఆ లెక్క ఆ క్షణాన నడుస్తున్న కనెక్షన్లది. మార్కుల జాబితా వెతుక్కుంటూ పది నిమిషాలు క్లిక్ చేయని పిల్ల అందులో కనబడదు. నీ అప్లికేషన్ సెషన్ గడువు 30 నిమిషాలైతే, లాగ్‌లో చివరి రిక్వెస్ట్ వచ్చాక 30 నిమిషాలు ఆగి అప్పుడు ఆపు. పని అయ్యాక రెడీ స్థితికి తెచ్చి, ఆ తరువాతే రెండో ఇన్‌స్టెన్స్ మీద చెయ్యి వెయ్యి.

మీ పిన్ని