ప్రొపేన్ ట్యాంకుకు బొంత చుట్టకండి

"ఈ జనవరిలో మొదటిసారి ఐస్ ఫిషింగ్‌కి వెళ్తున్నాం. రాత్రిళ్ళు మైనస్ 30 సెల్సియస్ దాకా పడుతుందంటున్నారు. ప్రొపేన్ ట్యాంకు గడ్డకట్టకుండా దుప్పటి చుడితే సరిపోతుందా, లేక టెంటు లోపలే పెట్టుకోవాలా?" అని అడిగారు.

రెండూ వద్దండి. నేను అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పదమూడేళ్ళుగా ఉంటున్నాను. అందులో తొమ్మిది శీతాకాలాలు గడ్డకట్టిన చెరువుల మీద గడిపాను. దుప్పటి చుడితే ఏమవుతుందో కళ్ళారా చూసినవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు ఆ "గడ్డకట్టడం" అన్న మాట వదిలేయండి. ప్రొపేన్ గడ్డకట్టాలంటే మైనస్ 188 సెల్సియస్ కావాలి. అంత చలి మిన్నెసోటాలోనే కాదు, అంటార్కిటికాలో కూడా లేదు. అసలు ఇబ్బంది వేరు. ట్యాంకులో ఉన్నది ద్రవం. హీటర్‌కి కావలసింది ఆవిరి. ఆ ద్రవం మైనస్ 42 దగ్గర మరుగుతుంది, అంతకంటే చల్లబడితే ఆవిరి పైకి తోసుకురాదు. పైగా ఆవిరి అయ్యేటప్పుడల్లా తనలోని వేడినే తీసుకుపోతుంది. వేసవిలో కొత్త కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో ఇక్కడా అందుకే. అంటే హీటర్ వెలుగుతున్నంతసేపూ ట్యాంకు చుట్టూ ఉన్న గాలి కన్నా ఇంకా చల్లగా తయారవుతూ ఉంటుంది. మామూలు రోజు, 21 సెల్సియస్ దగ్గర, లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కన్నా సుమారు 110 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఎక్కువ. మైనస్ 18 దగ్గర సుమారు 24. మైనస్ 29 దగ్గర పదీ పదకొండు. ఇక అక్కడినుంచి ట్యాంకు తనంతట తాను ఇంకో పదమూడు డిగ్రీలు చల్లబడితే సున్నా.

ఇప్పుడు నా సంగతి. 2019 జనవరి ఆఖరులో ఇక్కడ పెద్ద చలి వచ్చింది, గుర్తుండే ఉంటుంది. ఉత్తరాన కాటన్ అనే ఊళ్ళో మైనస్ 56 ఫారెన్‌హీట్ నమోదైంది, మా వీధికి పోస్టు కూడా రాలేదు. ఆ చలి తగ్గాక ఫిబ్రవరిలో ఒక శనివారం మా బామ్మర్దీ నేనూ మిల్ లాక్స్ చెరువుకి బయల్దేరాం. చెరువంటే మన ఊరి చెరువు లెక్క కాదు, 1,32,000 ఎకరాలు. అవతలి గట్టు కనిపించదు. మా పక్కింటి పెద్దాయన కూడా వచ్చాడు. చిన్నప్పటినుంచీ ఈ మంచు మీద తిరిగిన మనిషి. తన షెడ్డు మాకు రెండొందల అడుగుల దూరంలో వేసుకున్నాడు.

మధ్యాహ్నం అంతా బాగానే ఉంది. ఆగర్‌తో, అంటే మంచు తొలిచే పెద్ద బర్మాతో, నాలుగు కన్నాలు పెట్టాం. నీళ్ళమీద తేలే మంచుముక్కల్ని తీయడానికి ఇక్కడ చిల్లుల గరిటె అమ్ముతారు, అచ్చం మన బూంది గరిటెలాగే ఉంటుంది. మా బామ్మర్ది దాంతో ఒక్కో కన్నమూ తోడుతూ "బావా, ఇదేదో లడ్డూల పని లాగుంది" అంటూ సరదాగా ఉన్నాడు. 20 పౌండ్ల ట్యాంకు టెంటు బయట, హోసు గుండా హీటర్ లోపల. మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు గుంటూరు నుంచి పాత చీరలతో కుట్టిన బొంత తెచ్చారు. దాన్ని నేనే ట్యాంకు చుట్టూ రెండు మడతలు వేసి తాడుతో కట్టాను. చలికి మనం కప్పుకుంటాం కదా, దానికీ కప్పాలనుకున్నాను.

పొద్దు వాలేటప్పుడు వాలై చేప కదులుతుంది, అందరూ ఆ గంట కోసమే కాసుకుని ఉంటారు. సరిగ్గా అప్పుడే హీటర్ పలక మీద నారింజ రంగు అంచుల నుంచి నల్లబడటం మొదలెట్టింది. బయట మైనస్ 27. నేను నాబ్ పెంచాను. కాసేపు వెలిగి మళ్ళీ వాడిపోయింది. వెచ్చదనం పోతోందని మా బామ్మర్ది టెంటు కిటికీల జిప్పులు రెండూ పూర్తిగా లాగి మూసేశాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

గ్యాస్ అయిపోయిందేమో చూద్దామని బయటికొచ్చి ట్యాంకు కదిపాను. లోపల ద్రవం గలగలమంటూనే ఉంది, పావు వంతైనా ఉంటుంది. నేను తంటాలు పడటం చూసి పెద్దాయన నడుచుకుంటూ వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా తాడు విప్పి బొంత తీసి నా చేతికిచ్చాడు. ట్యాంకు అడుగు నుంచి జానెడు ఎత్తు దాకా తెల్లటి నూగు పట్టి ఉంది, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు గీత. గీతకు పైన మాత్రం మామూలు తెల్ల పెయింటు. "ఆ గీత దాకే గ్యాసు ఉంది, ఆ కాస్త మేరకే అది బయటి వేడి తాగుతుంది. నువ్వేమో దాని నోరు మూసేశావు" అన్నాడు.

నాకు వెంటనే ఎక్కలేదు. మైనస్ 27లో వేడేమిటి? కానీ లెక్క అదే. బొంతలో వేడి పుట్టదు. మన ఒంట్లో పుట్టే వేడిని బయటికి పోనివ్వదు, అంతే. ట్యాంకులో పుట్టేది వేడి కాదు, చలి. మైనస్ 35కి దిగజారిన ట్యాంకుకి మైనస్ 27 గాలి వెచ్చనిదే. బొంత చుట్టి ఆ కాస్త వేడిని కూడా నేను అందనివ్వలేదు. అందుకే టీవీలో చెప్పే విండ్ చిల్ (గాలి వీచినప్పుడు ఒంటికి తోచే చలి) అంకెలు చూసి ట్యాంకు గురించి కంగారు పడొద్దని అందరికీ చెబుతుంటాను. ఆ అంకెలు మన చర్మానికి. గాలి వీచినంత మాత్రాన ట్యాంకు ఆ గాలి కంటే చల్లబడదు, వాడుకలో ఉన్న ట్యాంకుకైతే గాలి తగలడమే మేలు.

తర్వాత ఆయన చేసిన పని ఈ రోజుకీ నేను చేస్తాను. వాల్వు మూసి, హీటర్ ఆపి, తన షెడ్డు నుంచి నల్ల రబ్బరు టబ్బు తెచ్చాడు. చెరువు కన్నంలోంచి బకెట్టుతో నీళ్ళు తోడి జానెడు లోతు పోసి, అందులో ట్యాంకు నిలబెట్టాడు. మంచు కింద నీళ్ళు సున్నా సెల్సియస్‌కి కాస్త పైన ఉంటాయి. అంటే గాలి కంటే 27 డిగ్రీలు ఎక్కువ వేడి, అదీ ఎంత కావాలంటే అంత, ఊరికే! ట్యాంకు చుట్టూ నీళ్ళు చేతి గాజులా వలయంగా గడ్డకట్టడం మొదలైంది. కట్టనివ్వండి, నీళ్ళు గడ్డకట్టేటప్పుడు వదిలే వేడి కూడా ట్యాంకుకే వెళ్తుంది. నీళ్ళు అడుగుభాగం వరకే ఉండాలి, వాల్వుకీ రెగ్యులేటర్‌కీ చుక్క తగలకూడదు. మధ్యమధ్య ట్యాంకుని కదుపుతూ నీళ్ళు మార్చాలి, లేకపోతే టబ్బుతో సహా అతుక్కుపోతుంది. పది పదిహేను నిమిషాల్లో పలక మళ్ళీ ఎర్రగా వెలిగింది.

వేడినీళ్ళు పోస్తే ఇంకా తొందరగా అవుతుంది కదా అని మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ప్రతి డిసెంబరులో ఎవరో ఒకరు పెడతారు. ఇంటి దగ్గర సిలిండర్ ఆఖరుకి వస్తే వేడినీళ్ళ పళ్ళెంలో పెట్టిన అలవాటు అది. మన వంటింటి గ్యాసులో బ్యూటేన్ కలిసి ఉంటుంది, అది సున్నా సెల్సియస్ దగ్గరే మందగిస్తుంది, అందుకే అక్కడ చలికాలంలో ఆ ఇబ్బంది. ఇక్కడ మైనస్ 27లో మరిగే నీళ్ళు వాల్వు మీద పడితే నిమిషంలో మంచు ముద్దవుతుంది, అత్యవసరంలో మూయడానికి తిరగదు. ఇక టార్చి మంటతో ట్యాంకు కాచేవాళ్ళని కూడా చూశాను. అలాంటి వాళ్ళ పక్కన నేను టెంటు వేయను, మీరూ వేయకండి.

ఇంకొకటి, చలి మీద నింద వేసే ముందు చూడాల్సింది. ట్యాంకుకి బిగించే ప్లాస్టిక్ నట్టు దగ్గర ఒక రక్షణ ఏర్పాటు ఉంటుంది. వాల్వు ఒక్కసారిగా తెరిస్తే హోసు తెగిందనుకుని అది గ్యాసుని సన్నని ధారకి తగ్గించేస్తుంది. అప్పుడూ మంట ఇలాగే నీరసంగా ఉంటుంది. అన్నీ మూసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, వాల్వు మెల్లగా, చాలా మెల్లగా తెరవండి. సగం సందర్భాల్లో "ట్యాంకు గడ్డకట్టింది" అన్నది ఇదే. రెగ్యులేటర్ మీద చిన్న గాలి కన్నం ఉంటుంది, అది కిందికి చూసేలా పెట్టండి. మంచు పడి మూసుకుపోతే అదీ మొరాయిస్తుంది.

ట్యాంకు నిండుగా తీసుకెళ్ళండి. ద్రవం ఎంత ఎత్తు ఉంటే అంత మేర ఇనుము వేడిని లాగుతుంది. పావు ట్యాంకు చలిలో సగం పనే చేస్తుంది. నాకు ఈ దుకాణాల ముందు బోనుల్లో పెట్టి మార్చి ఇచ్చే సిలిండర్ల మీద చాలా కోపం. 20 పౌండ్ల ట్యాంకని పేరు, చాలావాటిలో నింపేది 15 పౌండ్లే. అదేమీ దాచరు, లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదివేది ఎవరు? కళ్ళముందు తూకం వేసి నింపే చోటుకి వెళ్ళండి. గంటకి 18,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే యూనిట్) హీటర్ పూర్తిగా పెడితే గంటకి పౌండులోపు గ్యాసే కాలుతుంది, దాన్నిబట్టి రాత్రంతటికీ ఎంత కావాలో మీరే లెక్క వేసుకోవచ్చు. ఒక పౌండు చిన్న డబ్బాలు ఇంత చలిలో పెద్ద మంటకి ఆగవు, తొందరగా నీరసిస్తాయి. ఒకటి వాడుతూ ఇంకొకటి సిద్ధంగా ఉంచుకుని మార్చుకుంటూ పోవాలి.

ఇక ఆ జిప్పుల సంగతి. మీరు ట్యాంకు గురించి అడిగారు కానీ నేను ఈ జవాబు రాయడానికి కూర్చున్నది దీనికోసమే. పెద్దాయన ట్యాంకు నిలబెట్టి టెంటులోకి తల పెట్టగానే మొహం మారిపోయింది. మా బామ్మర్ది మడత కుర్చీలో తల పట్టుకుని కూర్చున్నాడు. "బావా, కణతలు పగిలిపోతున్నాయి, వాంతొచ్చేలా ఉంది" అన్నాడు. ఆయన ఒక్క ఊపున జిప్పులన్నీ తెరిచేసి, వాణ్ణి జబ్బ పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. అరగంట బయట చల్లగాలిలో కూర్చున్నాక తేరుకున్నాడు. తర్వాత ఆసుపత్రికి కూడా తీసుకెళ్ళాం, ఆ రాత్రే. కార్బన్ మోనాక్సైడ్. మూసిన టెంటు, నీరసంగా కాలుతున్న మంట. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. మా దగ్గర అలారం ఉంది, కానీ ట్రక్కులో ఉంది, దాని బ్యాటరీలు చలికి చచ్చిపోయి ఉన్నాయి.

హీటర్లలో ఆక్సిజన్ తగ్గితే ఆరిపోయే సెన్సర్ ఉంటుంది కదా అంటారు. అది ఆక్సిజన్‌ని చూస్తుంది, ఈ విషవాయువుని చూడదు. కాబట్టి అలారం విడిగా ఉండాలి, లిథియం బ్యాటరీలతో, టెంటు లోపల వేలాడదీసి. పైన ఒక సందు, కింద ఒక సందు ఎప్పుడూ తెరిచే ఉండాలి, ఎంత చలేసినా సరే. నిద్రపోయేటప్పుడు హీటర్ ఆపేయండి. నిద్ర ఆపుకోలేకపోతే ట్రక్కులో కాదు, ఒడ్డున గదికి వెళ్ళి పడుకోండి.

ట్యాంకు టెంటు లోపల పెట్టొద్దన్నది లీకు భయంతో. ప్రొపేన్ గాలి కంటే బరువు, కారితే మంచు మీద, మన కాళ్ళ దగ్గరే పరుచుకుంటుంది. వాసన కలిపి ఉంటుంది నిజమే, కానీ ఆ చలిలో ముక్కు దిమ్మెక్కి ఉంటుంది, దాన్ని నమ్ముకోలేం. లీకు ఉందేమో సబ్బునీళ్ళతో చూసే పని ముందురోజు ఇంటి దగ్గరే కానివ్వండి, చెరువు మీద సబ్బునీళ్ళు నురగ రాకముందే గడ్డకడతాయి. హోసు అక్కడికి వెళ్ళాక గట్టిపడిపోతుంది కాబట్టి మెలికలు లేకుండా పరిచి, తర్వాతే బిగించండి.

మైనస్ 40 అని చెబితే మాత్రం ప్రయాణం మానుకోండి. 1996 ఫిబ్రవరి 2న మా రాష్ట్రంలోనే టవర్ అనే ఊళ్ళో మైనస్ 60 ఫారెన్‌హీట్ పడింది, అంటే సెల్సియస్‌లో మైనస్ 51. ఆ ఉదయం ఆరుబయట ఉన్న ప్రొపేన్ ట్యాంకు నిండా గ్యాసున్నా అది మరిగే వేడికి తొమ్మిది డిగ్రీలు కింద ఉన్నట్టు, అగ్గిపుల్లంత మంట కూడా రాదు.

సర్దుకునేటప్పుడు ముందు ట్యాంకు వాల్వు మూయండి. హోసులో మిగిలింది కాలిపోయి హీటర్ తనంతట తాను ఆరాక నాబ్ తిప్పండి. ట్యాంకుని నిలువుగా, ట్రక్కు వెనక బయట కట్టుకుని తీసుకెళ్ళండి, క్యాబిన్‌లో వద్దు.