పాలజ్వరానికి సెలైన్ మందు కాదు, కాల్షియం హడావుడిగా ఎక్కించేది కాదు

ప్రశ్న: నాలుగో ఈత ముర్రా గేదె ఈనిన రెండో రోజు పడిపోయింది. మెడ డొక్క మీదికి తిప్పి పడుకుంది. చెవులు చల్లబడ్డాయి, పేడ వేయలేదు. నీరసమనుకొని అర లీటరు గ్లూకోజు సెలైన్లు నాలుగు ఎక్కించాం, గుణం కనిపించలేదు. షాపతను కాల్షియం బాటిల్ ఇచ్చాడు. ఊళ్లో ఇంజక్షన్లు చేసే అతను అందులోనే యాంటీబయోటిక్ కలిపి ఐదు నిమిషాల్లో నరానికి ఎక్కించాడు. గేదె ఒక్కసారి అరిచి, కాళ్లు తన్నుకొని చనిపోయింది. బాటిల్ నకిలీదా? మరో గేదె 25 రోజుల్లో ఈనుతుంది. రోజూ 100 మి.లీ. కాల్షియం టానిక్ ఇప్పటి నుంచే తాగించమంటున్నారు. ఇంట్లో ఎన్ని సెలైన్లు ఉంచుకోవాలి?
– ఒక పాడి రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: అది నీరసం కాదు. మీరు రాసిన లక్షణాలన్నీ పాలజ్వరానివే. బాటిల్ నకిలీదని అనుమానించనక్కర్లేదు. సరైన కాల్షియమైనా ఐదు నిమిషాల్లో ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. మీ గేదె చనిపోయిన తీరు అలాగే ఉంది.

పేరులో జ్వరం ఉన్నా పాలజ్వరంలో ఒళ్లు చల్లబడుతుంది. 10 లీటర్ల జున్నుపాలలో సుమారు 23 గ్రాముల కాల్షియం పోతుంది. అంత కాల్షియం ఏ సమయంలోనూ రక్తంలో ఉండదు, ఎముకల నుంచి, పేగుల నుంచి అందాలి. అది అందేలోపు కండరాలు పట్టు తప్పి గేదె కూలబడుతుంది. ఎక్కువగా మూడో ఈత దాటిన, పాలు బాగా ఇచ్చే పశువుల్లో, ఈనిన 72 గంటల్లోపే వస్తుంది.

ఇక మీ నాలుగు సెలైన్ల లెక్క. అయిదు శాతం గ్లూకోజు అర లీటరులో ఉండే చక్కెర 25 గ్రాములు. నాలుగూ కలిపితే 100 గ్రాములు, రెండు లీటర్ల నీళ్లు. కాల్షియం సున్నా. నిజంగా ఒంట్లో నీరు తగ్గిందనుకున్నా, 450 కిలోల గేదెకు 8 శాతం లోటంటే 36 లీటర్లు కావాలి. సెలైన్ ప్రాణం నిలబెట్టేది పారుడు పట్టిన దూడకు. 30 కిలోల దూడకు అదే లోటు రెండున్నర లీటర్ల లోపే. పడిపోయిన గేదెకు సెలైన్లు పెడుతూ కూర్చుంటే మిగిలేది కాలయాపనే. ఆరు గంటలు దాటి ఒకే పక్కన పడి ఉంటే వెనక కాళ్ల కండరాలు బరువుకు నలిగిపోతాయి. ఆ తర్వాత కాల్షియం ఎక్కినా లేవలేకపోవచ్చు.

చికిత్స డాక్టరు చేతనే చేయించాలి, కానీ ఎలా జరగాలో మీకూ తెలిసి ఉండాలి. 25 శాతం కాల్షియం బోరోగ్లూకోనేట్ 450 మి.లీ. బాటిల్‌ను గోరువెచ్చని నీళ్లలో ఉంచి ఒంటి వేడికి తేవాలి. మెడ నరం మీద వెంట్రుకలు కత్తిరించి, స్పిరిట్ రాసి, నరాన్ని బొటనవేలితో నొక్కి పట్టి, 14 లేదా 16 గేజి సూది ఎక్కించాలి. రక్తం ధారగా వచ్చాకే పైపు తగిలించాలి, అదీ పైపులో గాలి పోయేదాకా మందు వదిలాక. పొదుగు ముందుండే పాలనరానికి పెట్టనివ్వకండి, అక్కడ గడ్డకట్టి వాస్తుంది. బాటిల్ ఎంత పైకెత్తితే అంత వేగంగా దిగుతుంది, కాబట్టి గేదె వీపు ఎత్తుకు మించనివ్వకండి. మొత్తం దిగడానికి కనీసం 15–20 నిమిషాలు పట్టాలి. ఆసాంతం ఒకరు స్టెతస్కోపు గుండె మీద పెట్టి వినాలి. కొట్టుకోవడం మరీ నెమ్మదించినా, లయ తప్పినా వెంటనే ఆపాలి. కండరాలు వణకడం, త్రేన్పులు, పేడ వేయడం, మూతి మీద చెమట రావడం మంచి సూచనలు, వాటికి భయపడి ఆపొద్దు.

చాలామంది డాక్టర్లు సగం నరానికి, సగం చర్మం కింద ఇస్తారు. చర్మం కింద ఒక్కోచోట 50–75 మి.లీ. మించకూడదు. బాటిల్‌లో గ్లూకోజు కూడా ఉంటే చర్మం కింద అసలు వద్దు, పుండు పడుతుంది. సూది నరం నుంచి జారి మందు బయట చేరినా మెడ వాచిపోతుంది.

కాల్షియం బాటిల్‌లో మరే మందూ కలపకూడదు. టెట్రాసైక్లిన్ రకం మందు కాల్షియంతో పట్టుకుపోతుంది, సెఫ్ట్రియాక్సోన్‌తో కలిస్తే తెల్లగా విరిగి నలక కడుతుంది, సోడా బైకార్బోనేట్‌తోనూ అంతే. ఆ నలక నేరుగా రక్తంలోకి పోతుంది. షాపులో డబ్బా పేరు చూసి మందు ఇచ్చేవాళ్లకు ఇది పట్టదు. పశువును చూడకుండా నరానికి ఎక్కించే మందు అమ్మడమే తప్పు. పొదుగువాపు విషంతో పడిపోయిన గేదెకు కాల్షియం నరానికి పెడితే అక్కడికక్కడే పోవచ్చు. చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

డాక్టరు వచ్చేలోపు గేదెను రొమ్ము మీద కూర్చోబెట్టి, రెండు పక్కలా గడ్డి బస్తాలు ఆనించండి. కింద ఇసుకో వరిగడ్డో పరచి, రెండు మూడు గంటలకోసారి పక్క మార్చండి. గొట్టంతో బెల్లం నీళ్లు, నూనె పొయ్యకండి. మింగే శక్తి లేక పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

చూడి గేదె విషయం. టానిక్ ఇప్పుడు వద్దు. రోజుకు 100 మి.లీ. టానిక్‌లో వచ్చేది కొద్ది గ్రాములే, డబ్బు దండగ. పైగా ఈతకు ముందు కాల్షియం ఎక్కువగా అందితే, ఎముకల నుంచి దాన్ని తీసే గ్రంథి మందగించి ఉంటుంది. టానిక్ కన్నా లూసర్న్, అలసంద లాంటి పప్పుజాతి మేత నుంచే కాల్షియం ఎక్కువ అందుతుంది, చివరి మూడు వారాలు ఆ మేత తగ్గించి వరిగడ్డి, జొన్న చొప్ప పెంచండి. కాల్షియం ఈనిన రోజు నుంచి మొదలుపెట్టండి, గేదె నిలబడి మింగుతున్నప్పుడు మాత్రమే. డి విటమిన్ ఇంజక్షన్ ఈతకు 2 నుంచి 8 రోజుల ముందు పడితేనే ఉపయోగం. గేదె చూడికాలం సుమారు 310 రోజులు, కట్టించిన తేదీ రాసి ఉంటే డాక్టరుతో మాట్లాడండి. ఈనాక మొదటి రెండు రోజులు పొదుగు పూర్తిగా పిండకండి. లేచిన గేదె కూడా ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పడొచ్చు, అలా పడితే ఆలస్యం చేయొద్దు.

ఇంట్లో సెలైన్ బాటిళ్లు వద్దు, ఒక థర్మామీటరు కొని ఉంచండి. పడిపోయిన గేదెకు వెనక నుంచి పెట్టి చూడండి. 100 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తక్కువుంటే పాలజ్వరం అనుమానం, 103 దాటితే పొదుగును, మైలను (ఈనాక కారే స్రావాన్ని) చూడాల్సిన జబ్బు. సంచార పశువైద్య సేవ నంబరు 1962కు ఫోన్ చేసినప్పుడు థర్మామీటరు చూపిన డిగ్రీలు, ఈనిన గంట, ఇప్పటిదాకా ఇచ్చిన మందుల పేర్లు ముందే చెప్పండి.