గ్రాంటు మార్కుల్లో రంగు తేడా ఎక్కడ చేరుతోంది?

ప్రశ్న: నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఏటా పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లేదాన్ని. మేం దిద్దే జవాబు పత్రం మీద పేరు కనిపించదు కనుక, ఆ పిల్ల ఎవరి బిడ్డో, ఏ బడిలో చదివిందో మాకు తెలిసే దారి ఉండదు. అమెరికాలో పరిశోధన చేస్తున్న మా అమ్మాయి మొన్న ఫోనులో మాట్లాడుతూ, అక్కడ నల్లజాతి శాస్త్రవేత్తల ప్రాజెక్టులకు ప్రభుత్వ నిధులు తక్కువగా దక్కుతున్నాయని చెప్పింది. దరఖాస్తులు చదివి మార్కులు వేసేది పెద్ద చదువులు చదివినవారే కదా, అక్కడ ఒంటి రంగు ఎలా లెక్కలోకి వస్తుంది? మనలాగే పేరు కప్పేసి దిద్దితే ఆ తేడా పోదా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, హనుమకొండ

జవాబు: మీ అమ్మాయి చెప్పినది నిజమే, టీచర్ గారూ. అమెరికాలో వైద్య పరిశోధనకు ప్రధానంగా నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్, అంటే ఎన్‌ఐహెచ్. కాన్సస్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త డోనా గింథర్, ఆమె సహచరులు 2000 నుంచి 2006 వరకు ఆ సంస్థకు అందిన 83 వేలకు పైగా దరఖాస్తులను పరిశీలించి, 2011లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. శ్వేతజాతి వారితో పోలిస్తే నల్లజాతి శాస్త్రవేత్తలకు గ్రాంటు దక్కే అవకాశం 13 శాతం పాయింట్లు తక్కువగా ఉందని తేలింది. చదువు, శిక్షణ, అచ్చయిన పత్రాలు, పనిచేసే సంస్థ, అంతకుముందు అందుకున్న గ్రాంట్లు, వీటన్నిటి ప్రభావాన్ని తీసివేసి చూసినా ఇంకా 10 పాయింట్ల తేడా మిగిలింది. ఆ పరిశోధనలో నాకు అన్నిటికంటే ముఖ్యమని తోచిన సంగతి మరొకటి ఉంది. మంచి స్కోరు వచ్చిన దరఖాస్తులకు జాతితో నిమిత్తం లేకుండా నిధులు సమానంగానే అందాయి. కాబట్టి మనం వెతకవలసిన చోటు మార్కులు పడే దశ.

ఒక్కో దరఖాస్తును ‘స్టడీ సెక్షన్’ అనే నిపుణుల బృందంలో సాధారణంగా ముగ్గురికి అప్పగిస్తారు. సమావేశానికి ముందే వారు దాన్ని చదివి, ప్రాముఖ్యం, పరిశోధకుడి సమర్థత, కొత్తదనం, పద్ధతి, పనిచేసే వాతావరణం అనే ఐదు అంశాలకు 1 నుంచి 9 వరకు అంకెలు వేసేవారు. 1 అంటే అత్యుత్తమం. ఆపైన మొత్తం మీద ఇంకో అంకె. ఈ తొలి అంకెల్లో వెనకబడిన దాదాపు సగం దరఖాస్తులు చర్చకే రావు, వాటి తరఫున ఒక మాట చెప్పే సందర్భం కూడా ఎవరికీ రాదు. ఏళ్ల తరబడి పెంచుకున్న ఒక ఆలోచన, దాని మీద ఆధారపడ్డ ల్యాబు జీతాలు, అక్కడి విద్యార్థుల చదువు, ముగ్గురిలో ఇద్దరు 3 బదులు 4 వేసినందుకు ఆగిపోవచ్చు. మీకు వాల్యుయేషన్‌లో ఏ పాయింటుకు ఎన్ని మార్కులో ముందే రాసి ఇస్తారు. ఇక్కడ ‘కొత్తదనం’ ఎంత ఉందన్నది చదివేవారి అంచనా. 2014 నుంచి 2016 వరకు పడిన ఈ తొలి అంకెలను పరిశీలించి 2020లో వెలువడిన అధ్యయనం, ఐదు అంశాల్లోనూ నల్లజాతి దరఖాస్తుదారుల స్కోర్లు సగటున వెనకబడి ఉన్నాయని చూపింది.

ఎంచుకున్న పరిశోధనాంశం కూడా ఒక కారణం. 2011–2015 దరఖాస్తుల మీద 2019లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, అంతరంలో 20 శాతానికి పైగా అంశం ఎంపిక వల్లనే వస్తోంది. నల్లజాతి శాస్త్రవేత్తలు సమాజ ఆరోగ్యం, ఆరోగ్యంలో అసమానతలు వంటి విషయాల వైపు ఎక్కువగా మొగ్గుతున్నారు, వాటికి నిధులు దక్కే రేటు తక్కువ. అలాంటి దరఖాస్తులు ఎక్కువగా చేరే విభాగాల్లో అసలు గ్రాంట్ల రేటే తక్కువని 2021లో ఎన్‌ఐహెచ్ సిబ్బంది చేసిన విశ్లేషణ తేల్చింది. ‘అయితే తప్పు జాతిది కాదు, అంశానిదే’ అని ఊరుకునేవారితో నేను ఏకీభవించలేను. తన వాడలో మధుమేహంతో కాలు పోగొట్టుకున్న మనిషిని చూసి పెరిగినవాడు ఆ ప్రశ్ననే పరిశోధనకు తీసుకోవడం సహజం. కణంలోని ప్రోటీను మీద పనికంటే ఆ ప్రశ్నకు విలువ తక్కువని నిర్ణయించినది కూడా మనుషులే.

ఇక మీ సూచన. ఎన్‌ఐహెచ్ దాన్ని నిజంగానే చేసి చూసింది. నల్లజాతి వారివి 400, వాటికి సరితూగేలా ఎంచిన శ్వేతజాతి వారివి 400, లాటరీ పద్ధతిలో తీసిన శ్వేతజాతి వారివి మరో 400, మొత్తం 1200 పాత దరఖాస్తుల్లో పేరు, సంస్థ తెలిపే వివరాలు చెరిపేసి మళ్లీ సమీక్ష చేయించారు. స్కోర్లలో తేడా దాదాపు సగానికి తగ్గింది. అయితే నల్లజాతి వారి స్కోర్లు మెరుగుపడలేదు. పేరు కనబడకపోయేసరికి శ్వేతజాతి వారి స్కోర్లు కొంత దిగజారాయి. పేరుతో, సంస్థ ప్రతిష్ఠతో వారికి అంతవరకు కలిసొచ్చిన లాభం ఎంతో ఈ ప్రయోగంలో బయటపడిందని నేను అనుకుంటున్నాను. పైగా పదో తరగతి జవాబు పత్రంలా దీన్ని పూర్తిగా కప్పలేం. గతంలో తాను చేసిన పని చూపించనిదే ఎవరూ ప్రాజెక్టు రాయలేరు, ఆ పనిని బట్టి తోటి నిపుణులు మనిషిని పోల్చుకోగలరు.

2021 మార్చిలో అప్పటి ఎన్‌ఐహెచ్ డైరెక్టర్ ఫ్రాన్సిస్ కాలిన్స్, వ్యవస్థలో పాతుకుపోయిన జాతి వివక్ష వల్ల నష్టపోయిన శాస్త్రవేత్తలకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. 2025 జనవరి 25 నుంచి గడువు ఉన్న దరఖాస్తులకు కొత్త పద్ధతి వచ్చింది. మొత్తం మీద వేసే అంకె కాక, విడి అంశాల్లో ప్రాముఖ్యానికి, పద్ధతికి మాత్రమే అంకెలు వేస్తారు. పరిశోధకుడు, సంస్థ విషయంలో ఆ పనికి సరిపోతారా, లోటుందా అన్నదే చూస్తారు, అంకె ఉండదు. పేర్లు మాత్రం సమీక్షకులకు కనిపిస్తూనే ఉంటాయి.

మన వాళ్ల సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. సైన్సు పరిశోధనలకు నిధులిచ్చే మరో అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్. దాని రెండు దశాబ్దాల లెక్కలను విశ్లేషించి 2022లో వెలువడిన అధ్యయనంలో, శ్వేతజాతి వారికి గ్రాంటు దక్కే రేటు ఏటా సగటుకు పైనే ఉండగా, అందరికంటే కింద ఉన్నది ఆసియా మూలాల వారి రేటు. రేపు మీ అమ్మాయి ఎన్‌ఐహెచ్‌కు సొంతంగా దరఖాస్తు పెట్టి, అది చర్చకు రాకుండా ఆగిపోయినా, సమీక్షకుల రాతలు ఆమె చేతికి అందుతాయి, సరిచేసి మళ్లీ పంపవచ్చు. నల్లజాతి పరిశోధకులు ఇలా మళ్లీ పంపడం తక్కువగా ఉందని, పంపినవారు కూడా గ్రాంటు దక్కేదాకా ఇతరులకంటే ఎక్కువసార్లు పంపవలసి వచ్చిందని గింథర్ బృందమే గమనించింది. మొదటిసారి తిరిగొస్తే ఆగిపోవద్దని ఆమెకు ఇప్పుడే చెప్పండి.