మట్టిబాట మీద సైకిల్: అడగండి, చెప్తా

ప్రశ్న: అన్నా, మాది మణికొండ. మూడు నెలల కింద గ్రావెల్ బైక్ (మట్టి, కంకర బాటల మీద తొక్కే సైకిల్) తీసుకున్నా, 40 ఎంఎం వెడల్పు టైర్లు, లోపల ట్యూబులే. గాలి తగ్గిస్తే కుదుపు తగ్గుద్దని వీడియోల్లో చూసి 25 పీఎస్‌ఐ పెట్టుకుని శంకర్‌పల్లి వైపు పోతే ఒక్క ఆదివారమే మూడు పంక్చర్లు. నా బరువు 78 కేజీలు. ముళ్ళని తిట్టుకుంటూ ఇంటికొచ్చి చూస్తే ట్యూబులకి పక్కపక్కనే రెండేసి చిల్లులున్నాయి. ఇంకోటి, గంట తొక్కితే చాలు చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి. షాపాయన పెద్ద ఫ్రేమ్ అంటగట్టాడంటావా?

జవాబు: తమ్ముడూ, ముళ్ళని ఊరికే తిట్టావ్. ముల్లు గుచ్చితే ఒకటే చిల్లు పడుద్ది, పక్కపక్కన రెండు పడ్డాయంటే అది పాముకాటు పంక్చర్, అంటే గాలి చాలక టైరు రాయికి కొట్టుకుని ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగిపోయిందన్నమాట. ఆ వీడియోల వాళ్ళు చెప్పింది తప్పేం కాదు, కాకపోతే వాళ్ళు ట్యూబ్‌లెస్ వాళ్ళు, మనం ట్యూబు వాళ్ళం. ట్యూబు ఉన్నన్నాళ్ళు వెనక 42 పీఎస్‌ఐ, ముందు 40 పెట్టు. ట్యూబ్‌లెస్‌కి మారాక వెనక 35, ముందు 32తో మొదలుపెట్టి, రిమ్ము రాయికి తగిలిన చప్పుడు రానంతవరకు ఒక్కో పీఎస్‌ఐ తగ్గించుకుంటూ పో. మంచి గేజ్ ఉన్న పంపు కొనుక్కో, బొటనవేలితో నొక్కి చూసి చెప్పేది లెక్కలోకి రాదు.

మన దగ్గరైతే ట్యూబ్‌లెస్ ఖర్చు దండగ అని నేననను. చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద సర్కారు తుమ్మ ఎంతుందో నీకు తెలుసు, కింద పల్లేరు కాయలు వేరే. సీలెంట్, అంటే చిల్లుని లోపల్నుంచే మూసే ద్రవం, ఒక్కో టైరుకి 60 నుంచి 90 ఎంఎల్ పోస్తే చిన్న ముళ్ళ సంగతి అదే చూసుకుంటది. మన ఎండలకి లోపల ఎండిపోద్ది కాబట్టి రెండు నెలలకోసారి వాల్వ్ కోర్ (గాలి ఎక్కించే వాల్వ్ లోపలి పిన్ను) విప్పి సన్నటి పుల్ల లోపలికి పెట్టి చూడు, తడి అంటకపోతే మళ్ళీ పొయ్యాలి. పెద్ద చిల్లుకి ప్లగ్గులు ఉంచుకో, మోటార్ సైకిల్ ట్యూబ్‌లెస్ పంక్చర్‌కి షాపులో దూరుస్తారు చూడు స్ట్రిప్, అలాంటిదే, కాస్త సన్నం. ఒక ట్యూబు మాత్రం ఎప్పుడూ సంచిలో ఉండాలి, కాకపోతే అది ఎక్కించే ముందు టైరు లోపల గుడ్డతో తుడిచి చూడు, విరిగిన ముల్లు అందులోనే ఉండిపోతే ఆ కొత్త ట్యూబు కూడా అవుట్.

తిమ్మిరి విషయం. ఆ రెండు వేళ్ళకి వెళ్ళే నరం అరచేతి అంచు మీదుగా పోతుంది, ఒంటి బరువంతా చేతుల మీద పడితే అది నలుగుతుంది. ముందు సీటు చూడు, ముక్కు కిందికి వంగి ఉంటే నువ్వు ముందుకి జారుతూ చేతులతో ఆపుకుంటుంటావ్. లెవెల్ చెయ్యి. తర్వాత ఎత్తు: మడమ పెడల్ మీద పెట్టి పెడల్ అడుగుకి వచ్చినప్పుడు కాలు నిటారుగా రావాలి, నడుం ఒక పక్కకి ఊగకూడదు. ఈ రెండూ సరిచేసి రెండు వారాలు తొక్కి, అప్పటికీ హ్యాండిల్ అందుకోడానికి ముందుకి సాగాల్సి వస్తుంటే ఇప్పుడున్నదానికన్నా 10 ఎంఎం పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే ముక్క) వేయించు. ఫ్రేమ్ సైజు సంగతి అప్పుడు మాట్లాడదాం, షాపాయన్ని ఇప్పుడే అనకు.

ప్రశ్న: అన్నా, లింగంపల్లి నుంచి రాస్తున్నా, గవర్నమెంట్ స్కూల్ టీచర్ని. తారు రోడ్డు మీద లారీలతో పోటీ పడలేక గ్రావెల్‌కి మారా, కానీ ఫోన్‌లో మ్యాపు చూసి పోతే సగం దారులు ఎవరిదో ఫామ్‌హౌస్ గేటు దగ్గర ఆగిపోతున్నాయి. మంచి రూట్లు ఎలా పట్టుకోవాలి?

జవాబు: అక్కా, గేటు దెబ్బ తినని వాళ్ళు మనలో లేరులే. నేను చేసేది చెప్తా. శాటిలైట్ వ్యూలో బాగా జూమ్ చేసి చూస్తే ఎర్రగా కనపడేది మొరం దారి, కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు. నల్లగా కనపడితే రేగడి. చేవెళ్ళ, శంకర్‌పల్లి వైపు రెండూ పక్కపక్కనే ఉంటాయి, అదే చిక్కు. వానపడిన మర్నాడు రేగడిలోకి దిగానొకసారి, పది గజాలు పోగానే మట్టి టైరుకి ఫోర్కుకి మధ్య ఇటుకలా పట్టేసి చక్రం తిరగడం ఆగిపోయింది, భుజం మీద వేసుకుని నడుస్తుంటే మేకలాయన చూసి "సైకిల్ మీద నువ్వు పోతున్నవా, నీ మీద సైకిల్ పోతున్నదా బిడ్డా" అన్నాడు. వాన తర్వాత రేగడికి రెండు మూడు రోజులు ఎండ తగలనివ్వండి, మొరం అయితే అదే సాయంత్రం వెళ్ళొచ్చు.

స్ట్రావా అని సైకిల్ తొక్కేవాళ్ళు తమ రూట్లు నమోదు చేసుకునే యాప్ ఉంది, జనం తిరిగిన దారులు చూపించే దాని హీట్‌మ్యాప్‌లో సన్న గీత ఉందంటే ఎవరో ఒకరు అవతలికి దాటారన్నమాట, గేటు భయం తక్కువ. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాపు షీట్ల మీద బండ్లబాటలు కూడా ఉంటాయి, పాతవైనా పనికొస్తాయి. అన్నిటికన్నా పనికొచ్చేది టీ కొట్టు. అక్కడ "రోడ్డు ఉందా" అని అడిగితే తారు రోడ్డే చూపిస్తారు. "నక్షా బాట ఎటు పోతది పెద్దయ్యా" అనడగండి. ఊరి నక్షాలో, అంటే రెవెన్యూ మ్యాపులో, ఉన్న బాట అందరిదీ, పొలం అమ్ముడుపోయినా బాట పోకూడదు, అది ఎక్కడ కబ్జా అయిందో కూడా ఆయనే చెప్తాడు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలు మీకు నచ్చుతాయి, మూసీ పుట్టేది అక్కడే, కాకపోతే అడవి లోపలి బాటలకి ఫారెస్ట్ వాళ్ళని అడక్కుండా పోవద్దు. కొండ ఎక్కాలంటే, పెడల్ దగ్గరున్న పళ్ళచక్రం పళ్ళకన్నా వెనక అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రం పళ్ళు తక్కువ కాకుండా చూసుకోండి, లేకపోతే లేచి నిలబడి తొక్కాల్సొస్తుంది, రాళ్ళ మీద అలా తొక్కితే వెనక చక్రం జారుతుంది.

ప్రశ్న: తణుకు నుంచి సార్. ఇక్కడంతా చదునే, వరిచేలు. గ్రావెల్ ఎక్కడ దొరుకుద్ది?

జవాబు: ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యిందండీ, అప్పట్నుంచీ మీ జిల్లా అంతా కాలువలే, కాలువ ఉన్నచోటల్లా గట్టు. అది కాక పుంతలు, అంటే చేల మధ్య బండ్లబాటలు. మీ పుంతలో రెండు పక్కలా తాడిచెట్ల మధ్య పొద్దున్నే తొక్కుతుంటే ఉండే సుఖం నాకు హైదరాబాద్ చుట్టూ ఎక్కడా దొరకలేదు, నిజం. కోతల టైములో మాత్రం గడ్డితో జాగ్రత్త, వెనక గేరు బుల్లి చక్రాల్లో చుట్టుకుని గేరు మార్చే డీరైలర్‌ని విరిచేస్తుంది, చప్పుడు మారితే వెంటనే దిగండి. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురొస్తుంది కాబట్టి పొద్దున నరసాపురం వైపు పోయి గాలి తోడుగా వెనక్కి రండి. గుట్టలు కావాలంటే మెట్టకి, ద్వారకా తిరుమల వైపు ఎర్రమట్టి, పామాయిల్ తోటలు.

ప్రశ్న: డాలస్ నుంచి. కాన్సస్‌లో ఎంపోరియా రేసు 200 మైళ్ళది చూసి ఊపొచ్చింది అన్నా. ఏం తెచ్చుకోవాలి?

జవాబు: ముందు సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) గట్టిగా ఉన్న టైర్లు, అక్కడి ఫ్లింట్ (చెకుముకి) రాయి కత్తిలా కోస్తది. ఇంకోటి, మీ డాలస్ చుట్టూ ఉన్న నల్లమట్టి మన రేగడి జాతిదే, ప్రాక్టీస్ ఫ్రీ. 2023లో ఆ రేసులో మొదట్లోనే బురద తగిలి పేరున్నోళ్ళు కూడా సైకిల్ మోసుకుంటూ నడిచారు. అక్కడోళ్ళు మట్టి గీకడానికి పెయింట్ కలిపే చెక్కపుల్ల జెర్సీ జేబులో పెట్టుకుంటారు. నువ్వు రెండు పెట్టుకో, ఒకటి విరిగిపోద్ది.