బ్యాటరీ పోయిన బండి, ఆగకూడని వాయిదా

ప్రశ్న: నేను కాకినాడలో ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయినిని. 22 నెలల కిందట రూ.1,28,000 పెట్టి ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాను. అందులో లక్ష రూపాయలు అప్పు. 36 నెలల వాయిదాలు, నెలకు రూ.3,345. మూడు నెలలుగా 30 శాతం ఛార్జింగ్ ఉండగానే బండి నడిరోడ్డు మీద ఆగిపోతోంది. బ్యాటరీకి మూడేళ్ల వారంటీ ఉంది. అయినా లోపల నీళ్లు చేరాయి కాబట్టి అది వర్తించదంటూ షోరూంవాళ్లు కొత్త బ్యాటరీకి రూ.58,000 అడుగుతున్నారు. అప్పు కట్టడం ఆపేస్తే వాళ్లే దారికి వస్తారని మా వారు అంటున్నారు. బండి ధరతో పాటు ఐదు లక్షల పరిహారానికి కేసు వేద్దామని తమ్ముడు అంటున్నాడు. న్యాయవాది రూ.25,000 ఫీజు చెప్పారు. అత్యవసరాలకని దాచిన రూ.90,000 తప్ప నా దగ్గర డబ్బు లేదు. ప్రస్తుతం షేర్ ఆటోలో బడికి వెళ్తున్నాను, రోజుకు రూ.80 అవుతోంది. ఇంకో మాట. మధ్యలో రెండు నెలలు తమ్ముడు ఇదే బండి మీద సాయంత్రాలు హోటల్ పార్సిళ్లు చేరవేశాడు. ఆ సంగతి చెప్పాలా, దాచాలా?

జవాబు: టీచరుగారూ, మన భాషలో వాయిదా అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. అప్పు వాయిదాను మీరు తప్పకూడదు. కోర్టు వాయిదా మీకు తప్పదు. మీ వారేమో మొదటిది ఎగ్గొట్టి రెండోది లేకుండానే గెలుద్దామంటున్నారు. ముందు ఆ ఆలోచన మానిపించండి. అప్పిచ్చిన సంస్థ తన లక్ష రూపాయలను 22 నెలల కిందటే షోరూంకు చెల్లించేసింది. మీరు కట్టడం మానేస్తే నొప్పి తగిలేది షోరూంకు కాదు. 90 రోజులు దాటితే మీ ఖాతా మొండి బకాయిల్లో చేరుతుంది, క్రెడిట్ స్కోరు పడిపోతుంది, రేపు ఇంటి అప్పుకు వెళ్తే ఈ స్కూటరే అడ్డం వస్తుంది. దానికి మించిన ప్రమాదం ఇంకొకటుంది. వాయిదాలు తప్పినందుకు బండిని వాళ్లు తీసుకెళ్లిపోతే మీ కేసుకు ఉన్న ముఖ్యమైన సాక్ష్యం కూడా దానితోనే పోతుంది. మిగిలినవి 14 వాయిదాలు, మొత్తం రూ.46,830. పళ్ల బిగువున కట్టేయండి.

ఇక రూ.58,000 ఇచ్చి బ్యాటరీ వేయించుకోవడమా అన్నది. నేనైతే వద్దంటాను, కనీసం ఇప్పుడు వద్దు. అది కడితే మీ అత్యవసర నిధిలో రూ.32,000 మిగులుతాయి. మీ ఇంటి ఖర్చు ఎంతో మీరు రాయలేదు గానీ, ఓ కుటుంబానికి ఆ డబ్బు ఎన్ని రోజులు వస్తుందో మీకే బాగా తెలుసు. మరోవైపు నెలకు 24 పనిదినాలు లెక్కేసినా ఆటో ఖర్చు రూ.1,920, ఏడాది పొడుగునా వెళ్లినా రూ.23,040. సెలవులు తీసేస్తే ఇంకా తక్కువే. అంటే ఏడాది పాటు ఓపిక పట్టడానికి అయ్యే ఖర్చు బ్యాటరీ ధరలో సగం కూడా లేదు. పైగా ఆ ఆటో ఖర్చును ఫిర్యాదులో అడగవచ్చు. ఒక చిన్న పుస్తకంలో తేదీవారీగా రాసుకోండి. ఫోను ద్వారా చెల్లిస్తే లెక్క దానంతట అదే ఉంటుంది.

బయట ఎవరో తక్కువకు సెల్స్ మార్చి ఇస్తారని చెబుతారు, ఆశపడకండి. బ్యాటరీ పెట్టె సీలు విప్పిన క్షణం నుంచి తప్పు కంపెనీది కాదు, ఆ మెకానిక్‌ది అయిపోతుంది. బండిని ఇప్పుడున్న స్థితిలో అమ్మేయడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పనిచేయని బ్యాటరీతో వచ్చే ధర మీ అప్పుకు కూడా సరిపోకపోవచ్చు.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వెళ్లి ఏడ్చాడని మన పెద్దలు అన్నారు. సివిల్ కోర్టు సంగతి అది. మీరు వెళ్లాల్సింది జిల్లా వినియోగదారుల కమిషన్‌కు. చాలామంది ఇప్పటికీ ఫోరం అనే అంటారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు స్మాల్ క్లెయిమ్స్ కోర్టు అని చెప్పుకునేదానికి ఇక్కడ దగ్గరి చుట్టం ఇదే. 2020 జులై నుంచి అమల్లో ఉన్న 2019 నాటి చట్టం ప్రకారం, వస్తువుకు మీరు చెల్లించిన ధర రూ.50 లక్షలు దాటనంతవరకు జిల్లా కమిషన్ వింటుంది. ఆ ధర రూ.5 లక్షల లోపు అయితే ఫిర్యాదు రుసుము ఒక్క రూపాయి కూడా లేదు. కంపెనీ ప్రధాన కార్యాలయం ఏ ఊళ్లో ఉన్నా మీరు నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. మీకు కాకినాడలోనే కమిషన్ ఉంది. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేసే వీలు కూడా ఉంది.

న్యాయవాది తప్పనిసరి కాదు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. రూ.58,000 తగాదాకు ముందే రూ.25,000 పెట్టడం ఖరీదైన బేరం. అలాగని పూర్తిగా ఒంటరిగా దిగమని కూడా చెప్పను. ఫిర్యాదు, అఫిడవిట్ రాసిపెట్టడానికి మాత్రమే ఎంత తీసుకుంటారని ఇద్దరు ముగ్గురిని అడగండి. సంగతులు తేదీల వరుసలో రాయడం పిల్లల చేత వ్యాసాలు రాయించే మీకు కష్టం కాదు. చట్టం మాటలు సరిచూడటానికి మాత్రం తెలిసినవారి కన్ను ఒకటి పడాలి.

మీ తమ్ముడి ఐదు లక్షల దగ్గరకు వద్దాం. కోపం న్యాయమైనదే, అంకెకు మాత్రం ఆధారం లేదు. 2006లో మారుతీ ఉద్యోగ్‌కు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమే తేల్చింది. లోపమున్న భాగాన్ని బాగుచేస్తాం లేదా మారుస్తాం అని వారంటీలో ఉన్నప్పుడు, కారు మొత్తాన్ని మార్చమన్న ఆదేశం నిలవదంది. మీ వారంటీ పుస్తకంలోనూ దాదాపు అదే మాట ఉంటుంది, తెరిచి చూడండి. అందుకని మీరు అడగాల్సింది ఇది. ఉచితంగా కొత్త బ్యాటరీ, లేదంటే దాని ధర వడ్డీతో సహా. బండి మూలన పడిన రోజుల ఆటో ఖర్చు. మీరు పడిన ఇబ్బందికి ఓ మోస్తరు పరిహారం. కేసు ఖర్చులు. వీటిలో ప్రతి రూపాయికీ ఒక కాగితం చూపించగలరు. ఐదు లక్షలు రాస్తే చూపించడానికి మీ దగ్గర ఆవేశం తప్ప ఏముంటుంది?

కేసు నిలిచేదీ పడిపోయేదీ ఆ నీళ్ల దగ్గరే. షోరూంవాళ్లు మీకు నోటిమాటగా చెప్పారా, రాసి ఇచ్చారా? మీ ఉత్తరంలో అది లేదు. రేపే కంపెనీ కస్టమర్ కేర్‌కు, షోరూంకు కలిపి ఈమెయిల్ పంపండి: వారంటీ ఎందుకు నిరాకరించారు, బ్యాటరీలో ఏ చోట నీరు కనిపించింది, పరీక్ష ఏ తేదీన ఎవరు చేశారు, ఫొటోలు ఏవి? ఇన్ని ప్రశ్నలకు జవాబు రాకపోతే ఆ మౌనమే మీ సాక్ష్యం. తర్వాత బండి కొన్నప్పటి కరపత్రం వెతకండి. చాలా కంపెనీలు తమ బ్యాటరీకి ఐపీ67 రక్షణ ఉందని గొప్పగా అచ్చేసుకుంటాయి. ఆ 67లోని ఏడుకు అర్థం, మీటరు లోతు నీటిలో అరగంట ముంచినా లోపలికి హానికరంగా నీరు చేరకూడదని. మీ కరపత్రంలో ఆ మాట ఉంటే, కాకినాడ వానకు తడిసిందంటూ చేతులు దులుపుకోవడం వాళ్లకు అంత సులువు కాదు. తడిసింది నిజమే అయినా సీలు ఎందుకు ఆపలేకపోయిందన్న ప్రశ్నకు వాళ్లే జవాబు చెప్పుకోవాలి. పైపు పెట్టి బలంగా నీళ్లు కొట్టి కడిగే అలవాటు ఉంటే మాత్రం మీ వాదన కొంత పలచబడుతుంది. వారంటీ షరతుల్లో తరచూ దాన్ని మినహాయిస్తారు.

ప్రతి సర్వీసుకూ ఇచ్చిన జాబ్ కార్డు, అంటే బండికి ఏం చేశారో షోరూంవాళ్లు రాసిచ్చిన కాగితం, కావాలి. బండి ఆగిపోయినప్పుడు మీటరులో ఛార్జింగ్ శాతం కనిపించేలా తీసిన వీడియో కావాలి. యాప్‌లో ఛార్జింగ్ వివరాలుంటే ఇప్పుడే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, ఖాతా వాళ్ల చేతిలోనే ఉంటుంది కదా. బిల్లులు కూడా ఫొటో తీయండి. నా ఫ్రిజ్ కంప్రెసర్ పోయినప్పుడు బీరువాలో భద్రంగా దాచిన బిల్లు తీసి చూస్తే తెల్లకాగితం మిగిలింది. థర్మల్ కాగితం మీద అచ్చు ఎగిరిపోతుందని ఆర్థిక సలహాలు చెప్పే నాకు అప్పుడే తెలిసింది, మరమ్మతుకు డబ్బు నేనే కట్టుకున్నాను.

తయారీ లోపం ఉందని చూపించాల్సిన బరువు ఫిర్యాదు చేసినవారి మీదే ఉంటుంది. పరీక్ష చేయకుండా తేలని లోపమైతే ప్రయోగశాలకు పంపమని కమిషన్‌ను కోరవచ్చు. ఆ పరీక్ష రుసుమును ముందు మీరే జమ చేయాల్సి వస్తుంది. అందుకు కొంత డబ్బు పక్కన పెట్టండి. ఈ కేసులో ఖర్చు పెట్టదగిన చోటు ఏదైనా ఉంటే అదే.

బీమా గురించి మీరు అడగలేదు, నేనే హెచ్చరిస్తున్నాను. నీళ్లు చేరాయని వాళ్లే అంటున్నారు కదా, సమగ్ర బీమా ఉంది కదా, అక్కడ క్లెయిమ్ చేస్తే పోలేదా అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. నీరు చేరిందని బీమా కంపెనీకి, చేరలేదని కమిషన్‌కు చెబితే రెండు చోట్లా మీ మాట చెల్లదు. వరదలో మునిగిన సంఘటన నిజంగా జరిగి ఉంటే తప్ప ఆ వైపు వెళ్లకండి. బండి మూలన ఉన్నా బీమాను మాత్రం గడువు దాటనివ్వవద్దు.

పార్సిళ్ల సంగతి దాచకండి. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఏ సాయంత్రం ఎక్కడ తిరిగిందో అనేక స్కూటర్లలో కంపెనీ దగ్గరే నమోదవుతుంది. వాళ్లు బయటపెట్టేదాకా మీరు చెప్పకపోతే రెండు నెలల చిన్న విషయం మీ నిజాయతీ మీద పెద్ద మచ్చ అవుతుంది. చట్టం దృష్టిలో వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారు. స్వయం ఉపాధితో జీవనోపాధి పొందడానికి కొన్నవారికి మినహాయింపు ఉంది. మీ విషయంలో బండి కొన్న ప్రధాన ఉద్దేశం బడికి వెళ్లడం. రెండు నెలల సాయంత్రాలతో ఆ ఉద్దేశం మారిపోయిందనడం కష్టం. వారంటీ షరతు మాత్రం వేరే సంగతి. వాణిజ్య వినియోగం ఉంటే వారంటీ రద్దు అని అందులో ఉంటే ఎదుటివాళ్లు దాన్ని పట్టుకుంటారు. నిరాకరించినప్పుడు వాళ్లు చెప్పిన కారణం నీళ్లు మాత్రమే అన్నది ఆ ఈమెయిల్ జవాబులో ఉంటే మీకు బలం. అది ముందే రాబట్టమని చెప్పింది ఇందుకే.

ఈమెయిల్ తర్వాత 1915కు ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఉచితం. కొన్ని తగాదాలు అక్కడే తెగిపోతాయి. కాకపోతే పదిహేను రోజుల గడువుతో ఒక నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. అది తప్పనిసరి కాదు గానీ, మీరు అవకాశం ఇచ్చారని కమిషన్‌కు చూపించుకోవచ్చు. ఫిర్యాదులో షోరూంను, తయారీ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. షోరూం చేసిన తప్పుకు తయారీ సంస్థ దానంతట అదే బాధ్యురాలు కాదని 2021లో టాటా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, ఎవరి తప్పు ఏమిటో విడివిడిగా రాయాలి. వారంటీ నిరాకరించిన తేదీ నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ఆ రెండేళ్లనూ వాడుకోవాలని లేదు.

నోటీసు అందాక వాళ్లు 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, కమిషన్ మరో 15 రోజులు ఇవ్వవచ్చు. ఆ 45 రోజులు దాటాక వచ్చే జవాబును అంగీకరించరాదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. వస్తువు పరీక్ష అవసరం లేని కేసు మూడు నెలల్లో, ఉన్న కేసు ఐదు నెలల్లో ముగియాలని చట్టం అంటుంది. ఆచరణలో ఏడాది దాటడం మామూలే. నా లెక్క ఏడాది మీద వేసింది అందుకే. మీరు గెలిచాక వాళ్లు రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు వెళ్లాలంటే చెల్లించమన్న మొత్తంలో సగం ముందు జమ చేయాలి. ఆదేశాన్ని పాటించకపోతే జైలు శిక్ష వరకు నిబంధన ఉంది. రూ.58,000 కోసం అంతదూరం వెళ్లడానికి ఏ కంపెనీ ఉత్సాహపడదు.

అందుకే మధ్యలో రాజీ మాట వస్తుంది, నోటీసు తర్వాతో, కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపినప్పుడో. బండిని 22 నెలలు వాడారు కాబట్టి ఆ మేరకు మీరే భరించాలని, అంటే సుమారు రూ.35,000 కట్టమని మొదట అడగవచ్చు. వాడిన కాలానికి తగ్గింపు ఉంటుందని వారంటీలో రాసి లేకపోతే ఒప్పుకోకండి. ఏడాది ఆటో ఖర్చు, పరీక్ష రుసుము, ఓడిపోయే అవకాశం అన్నీ కలిపి చూస్తే మీ వాటా రూ.15,000 దాటని ప్రతిపాదన ఏదైనా నేను తీసుకోమంటాను. పైసా కట్టనని పట్టుబట్టే హక్కు మీకుంది. అది మీ ఓపికను బట్టి. ఒప్పంద పత్రంలో కొత్త బ్యాటరీ సీరియల్ నంబరు, దానికి వారంటీ ఏ తేదీ వరకో స్పష్టంగా రాయించండి. బ్యాటరీ బిగించి, మీరు ఒక రోజు బడికి వెళ్లి వచ్చి, బండి ఆగలేదని చూసుకున్నాకే ఫిర్యాదు ఉపసంహరణ మీద సంతకం పెట్టండి.