మీ ఆయనకు మీరే చెప్పండి

అమ్మా, మీ అమ్మాయికి ఇరవై మూడేళ్లు, పెళ్లి కాకుండానే 14 వారాల గర్భం, ఆ అబ్బాయేమో ఫోనెత్తడం మానేశాడు. దూరపు సంబంధం ఒకటి ఉంది కాబట్టి ఈ నెలలోనే మూడు ముళ్లూ వేయించేసి, తర్వాత నెలలు నిండకుండా పుట్టిందని చెప్పుకోవచ్చా అని అడిగారు. చివర్లో 'మా ఆయనకు మాత్రం తెలియకూడదు, తెలిస్తే బతకనివ్వరు' అని రాశారు.

ఆ పెళ్లి చేయొద్దు. ఏమీ తెలియని ఇంకో కుటుంబాన్ని మోసం చేయడం అది, పైగా నిలబడదు. పెళ్లినాటికే వేరొకరి వల్ల గర్భం ఉందని, ఆ సంగతి తనకు తెలియదని రుజువైతే, హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద పెళ్లికొడుకు ఏడాదిలోపు కోర్టుకెళ్లి పెళ్లి రద్దు చేయించుకోవచ్చు.

నాకు గుచ్చుకున్నది మీ చివరి మాట. తొమ్మిదో తరగతిలో అమ్మాయి లెక్కలు తప్పితే ప్రోగ్రెస్ కార్డు మీద మీ ఆయన సంతకం మీరే పెట్టారట. కాలేజీ టూర్‌కి వెళ్తే పిన్ని ఇంట్లో ఉందన్నారట. ప్రేమతోనే చేశారు, కాదనను. కానీ ఈ ఇంట్లో కష్టమొస్తే దాచుకోవాలి తప్ప చెప్పుకోకూడదని ఆ పిల్లకు నేర్పింది కూడా మీరే. అందుకే మీకు వినపడకుండా కొళాయి తిప్పి పెట్టి మరీ వాంతులు చేసుకుంది. పాతికేళ్ల కాపురంలో భర్తకు ఒక్క చేదు నిజమైనా ముఖం మీద చెప్పలేకపోయారు చూడండి, అసలు సమస్య అక్కడుంది, దాని ఫలితం ఇప్పుడు మీ అమ్మాయి అనుభవిస్తోంది.

'బతకనివ్వరు' అన్నది మాటవరసకా, నిజంగానా? చెయ్యి చేసుకునే మనిషైతే ముందు అమ్మాయిని మీ చెల్లెలింటికి పంపించి, ఆయన మాట వినే పెద్దమనిషిని ఒకరిని పక్కన పెట్టుకుని చెప్పండి. భయమనిపిస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, ఆపదలో ఉన్న ఆడవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో తాత్కాలికంగా ఉండటానికి చోటిస్తారు. పరువు పేరుతో కూతుళ్లను చంపుకున్న తండ్రులున్న దేశం మనది, ఈ జాగ్రత్త ఎక్కువేమీ కాదు. అరవడం, అన్నం మానేయడం వరకే అయితే మాత్రం అరవనివ్వండి. నీ పెంపకం ఇలా ఏడిచిందంటారు, తల దించుకోకండి, ఇద్దరూ కలిసే పెంచారు.

ఇక బిడ్డ సంగతి. ఉంచుకోవాలా వద్దా అన్నది మీ అమ్మాయి చెప్పాల్సిన మాట. ఆసుపత్రిలో తండ్రి సంతకం అడిగారని రాశారు, అది తప్పు. పద్దెనిమిది నిండిన అమ్మాయికి తన సంతకం చాలు. అబార్షన్ చట్టానికి 2021లో వచ్చిన సవరణ తర్వాత పెళ్లికాని వాళ్లకూ 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతో అబార్షన్ చేయొచ్చు, అమ్మాయి పేరు వాళ్లు బయటపెట్టకూడదు. 20 నుంచి 24 వారాల మధ్య అయితే కొన్ని పరిస్థితుల్లోనే, అదీ ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటేనే. అక్కడ కూడా పెళ్లికాలేదని పక్కన పెట్టకూడదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అలాగని వాయిదా వేయకండి, ఆలస్యమయ్యేకొద్దీ శరీరానికి కష్టం. గుట్టుగా అయిపోతుందని నాటుమందులు, ఎవరో ఇచ్చిన మాత్రలు మింగించొద్దు, ప్రాణం మీదకొస్తుంది. తనకు ఇష్టం లేకుండా తీయిస్తే కన్నవాళ్లకైనా జైలే.

ఉంచుకుంటానంటే అదీ అసాధ్యమేం కాదు. తండ్రి పేరు చెప్పకుండానే తల్లి ఒక్కతే గార్డియన్‌గా ఉండొచ్చని సుప్రీంకోర్టు 2015లోనే తీర్పిచ్చింది. పెళ్లి చేసుకోకపోయినా బిడ్డ పోషణకు ఆ అబ్బాయి నుంచి డబ్బు అడిగే హక్కుంది, అడగండి. అంతేగానీ కాళ్లావేళ్లా పడి వాడితో తాళి కట్టించే ప్రయత్నం చేయకండి. ఇలాంటి సమయంలో ఫోనెత్తని వాడు రేపు ఏం కాపురం చేస్తాడు?

ఈ రోజే అమ్మాయి పక్కన కూర్చుని, సంబంధం ఊసెత్తకుండా, 'నీకేం కావాలమ్మా' అని అడగండి. వెంటనే చెప్పలేకపోతే ఒకట్రెండు రోజులు ఆగండి, ఈలోగా మంచి గైనకాలజిస్టుకు చూపించండి. తను తేల్చుకున్నాక మీ ఆయనతో మాట్లాడండి. ఏం చేద్దామండీ అని మొదలుపెట్టొద్దు. అమ్మాయి ఇలా నిర్ణయించుకుంది, నేను తన పక్కనున్నాను అని చెప్పండి. ఆ సంబంధం వాళ్లకు మాత్రం ఇవాళే వద్దని కబురు పెట్టేయండి.