ఎస్‌ఆర్‌ఐ 108 అంటే 108 శాతం వేడి తగ్గడం కాదండీ

డాబా చల్లబడటానికి వేసే తెల్ల పూత డబ్బాల్లో ఒక దాని మీద ‘ఎస్‌ఆర్‌ఐ (సోలార్ రిఫ్లెక్టెన్స్ ఇండెక్స్) 108’ అనీ, ఇంకో దాని మీద ‘రిఫ్లెక్టెన్స్ 0.82, ఎమిటెన్స్ 0.90’ అనీ ఉంది, డాబాకి ఏది కొనాలని అడిగారు కదా. అవి వేర్వేరు కొలతలు, నేరుగా పోల్చలేం.

రిఫ్లెక్టెన్స్ 0.82 అంటే మీద పడిన ఎండలో 82 శాతం వెనక్కి పోతుంది. మిగతాది పూత పీల్చుకుంటుంది. ఆ వేడిని ఎంత బాగా బయటికి వదులుతుందో చెప్పేది ఎమిటెన్స్. కొత్త జీఐ రేకు చూడండి, తళతళలాడుతూనే మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతుంది. దానికి ఎమిటెన్స్ బాగా తక్కువ మరి.

ఈ రెండూ కలిపి లెక్కగట్టేదే ఎస్‌ఆర్‌ఐ. రిఫ్లెక్టెన్స్ 0.05 ఉన్న ప్రామాణిక నలుపుకు 0, 0.80 ఉన్న తెలుపుకు 100. రెండింటికీ ఎమిటెన్స్ 0.90గా తీసుకుంటారు. అందుకే మంచి తెల్ల పూతలు 100 దాటుతాయి. మీ రెండో డబ్బా కూడా 100 పైనే వస్తుంది. కాబట్టి కొత్తలో తేడా కొద్దిగానే ఉంటుంది, దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

దుమ్ము, నాచు పట్టాక ఎంత నిలుస్తుందన్నదే ముఖ్యం. అమెరికాలోని కూల్ రూఫ్ రేటింగ్ కౌన్సిల్ మూడేళ్లు ఎండకీ వానకీ వదిలేసిన నమూనా విలువ కూడా ఇస్తుంది. డీలర్ని అలాంటి టెస్ట్ రిపోర్టు అడగండి. బ్రోషర్ చూపించి సరిపెడితే ఒప్పుకోకండి. పూతకి ముందు డాబా మీద నీళ్లు నిలిచే పల్లాలు సరిచేయించండి, పొర మొదట లేచేది అక్కడే.